హ్యాడన్ హాల్: రెండు ప్రాంగణాల రాతి ఇల్లు – తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లాండులోని డెర్బీషైర్‌లో, బేక్‌వెల్ ఊరికి దగ్గరలో, వై నది పక్కన ఒక సున్నపురాతి గట్టు మీద హ్యాడన్ హాల్ ఉంది. 12వ శతాబ్దంలో మొదలై 17వ శతాబ్దం తొలినాళ్ల దాకా విడతలు విడతలుగా పెరిగిన ఇల్లు ఇది. దీన్ని చూడబోయేవారూ, పాత కట్టడాల మీద ఆసక్తి ఉన్నవారూ సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ఇది కోటా, ఇల్లా?

ఇల్లే. కింద నది వైపు నుంచి చూసినప్పుడు బురుజులు, గోడల మీద కోటకొమ్మలు కనిపిస్తాయి కాబట్టి కోట అనుకోవడం సహజం. 1195 ప్రాంతంలో ఇక్కడి యజమాని రిచర్డ్ డి వెర్నన్ ఇంటి చుట్టూ గోడ కట్టుకోవడానికి అనుమతి తీసుకున్నాడు. అనుమతి ఇచ్చినవాడు జాన్, తరువాత ఇంగ్లాండుకు రాజైన వ్యక్తి. ఆ అనుమతిలో రెండు షరతులు ఉన్నాయి: గోడ ఎత్తు 12 అడుగులు దాటకూడదు, పైన కోటకొమ్మలు ఉండకూడదు. దొంగలను ఆపుకోవచ్చు, కానీ పాలకుడికి ఎదురు నిలిచే బలం ఉండకూడదని దాని భావం. ఇప్పుడు కనిపించే కోటకొమ్మలు తరువాతి తరాలవారు ఇంటి హోదాకు గుర్తుగా పెట్టుకున్నవి.

దీన్ని కట్టిన వాస్తుశిల్పి ఎవరు?

ఒక్క పేరు చెప్పలేం. ఈ ఇంటి విషయంలో మొట్టమొదట అర్థం చేసుకోవలసింది ఇదే. మొదట పెవరెల్ కుటుంబం, ఆ తరువాత అవెనెల్ కుటుంబం, వారితో పెళ్లి సంబంధం ద్వారా వెర్నన్ కుటుంబం, 16వ శతాబ్దంలో మళ్లీ పెళ్లి ద్వారానే మానర్స్ కుటుంబం ఈ ఇంటిని ఏలుకున్నాయి. తండ్రి కట్టినదాన్ని కూల్చకుండా కొడుకు పక్కన మరో గది వేశాడు, మనవడు దానిపైన అంతస్తు లేపాడు. ఇంటికి దక్షిణాన ఉన్న లాంగ్ గ్యాలరీ అనే పొడవాటి గదిని ఆ కాలపు ప్రసిద్ధ నిర్మాణశిల్పి రాబర్ట్ స్మిత్సన్‌కు ఆపాదించేవారు ఉన్నారు. అది నిజమే అయినా ఇంటిలో ఒక భాగానికే వర్తిస్తుంది.

ఇల్లు మొత్తానికి ఒక రూపం ఇచ్చింది నేల వాలు. పడమర తక్కువ ఎత్తు, తూర్పు ఎక్కువ ఎత్తు. ప్రతి తరమూ ఆ వాలుకు లోబడే కట్టింది.

రెండు ప్రాంగణాలు ఎలా అమరి ఉన్నాయి?

రెండూ దాదాపు చతురస్రాలే. కానీ ఏ మూలా కచ్చితమైన లంబకోణంలో ఉండదు. వాయవ్య మూలలో ఉన్న బురుజు కింది నుంచి లోపలికి వస్తాం. ఆ బురుజు 1530 ప్రాంతపుది. గుమ్మం దగ్గరే ఆగి గడపరాయిని చూడండి. శతాబ్దాల తరబడి పడిన అడుగులకు ఆ రాయి గుంటపడిపోయింది. అక్కడి నుంచి ఎగుడుదిగుడు మెట్లు ఎక్కితే కింది ప్రాంగణం వస్తుంది. చక్రాల బండి ఏదీ ఈ దారిన లోపలికి రాలేదు. గుర్రం దిగి నడిచి రావలసిందే.

కింది ప్రాంగణానికి నైరుతి మూలలో ప్రార్థనాలయం, పడమర వైపు నివాస గదులు ఉంటాయి. ఎదురుగా, అంటే తూర్పున, మహాశాల ఉన్న వరుస అడ్డంగా నిలబడి ఉంటుంది. ఈ వరుసే రెండు ప్రాంగణాలను విడదీస్తుంది, కలుపుతుంది కూడా. మహాశాల ముఖమండపంలోకి వెళ్లి, లోపలి నడవ గుండా నేరుగా నడిస్తే అవతల పై ప్రాంగణంలో తేలుతాం. పై ప్రాంగణానికి ఈశాన్యంలో ఈగిల్ టవర్ అనే పాత బురుజు ఉంది. దీనికే పెవరిల్ టవర్ అనీ పేరు. వాయవ్య ద్వారం రాకముందు ఇంటికి ముఖద్వారం ఇటువైపే ఉండేది. అంటే ఒకప్పుడు ఇంటికి వెనుక అయినది తరువాత ముందు అయింది. ఇల్లు మారలేదు, రాకపోకల దిక్కు మారింది.

ఇంత అమరిక ఉన్నా నకాశా మీద చూసినప్పుడు ఒక్క గోడ కూడా మరో గోడకు సమాంతరంగా ఉన్నట్టు అనిపించదు. నా దృష్టిలో హ్యాడన్ అందానికి ఇదే మూలం. ప్రాంగణంలో ఎక్కడ నిలబడినా ఒక గోడ కొద్దిగా దగ్గరకు, మరొకటి కొద్దిగా దూరంగా జరిగి, కొత్త మూల ఒకటి తెరుచుకుంటుంది.

మన మండువా లోగిలికీ దీనికీ పోలిక ఉందా?

తెలుగువారు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. నాలుగు వైపులా గదులు, మధ్యలో ఆకాశం అన్నంత వరకు పోలిక ఉంది. ఆ తరువాత దారులు వేరు. మండువా ఇంటి లోపలి భాగం. చుట్టూ స్తంభాల వసారా ఉంటుంది, వాన నీరు నడుమకు జారుతుంది, ఆడవాళ్లు అక్కడే కూర్చుని పనులు చేసుకుంటారు, గదుల రాకపోకలన్నీ నీడలోనే జరుగుతాయి. హ్యాడన్ ప్రాంగణానికి వసారా లేదు. ఒక వరుస నుంచి మరో వరుసకు వెళ్లాలంటే వానలోనో మంచులోనో బండపరుపు దాటి వెళ్లాలి. అది ఇంటి లోపల మిగిలిపోయిన బయటి స్థలం. నౌకర్లు, సరుకులు, వచ్చిపోయే జనం అందరూ కలిసే చోటు. అక్కడ కావలసింది నీడ కాదు, గాలికి అడ్డు. ఎత్తైన రాతి వరుసలు ఆ పనే చేస్తాయి.

ఏ రాయితో కట్టారు?

రెండు రకాల రాయి వాడారు. డెర్బీషైర్ కొండల్లో ఒకవైపు తెల్లని బూడిదరంగు సున్నపురాయి, మరోవైపు గోధుమరంగు గరుకు ఇసుకరాయి దొరుకుతాయి. ఈ రెండో రాయిని అక్కడ గ్రిట్‌స్టోన్ అంటారు. పాతకాలంలో తిరగలి రాళ్లు చేసింది దీనితోనే. హ్యాడన్ ఈ రెండు నేలలు కలిసేచోటికి దగ్గరలో ఉంది కాబట్టి తాపీపనివారికి రెండూ అందాయి.

వాళ్లు ఏ రాయిని ఎక్కడ వాడారో చూస్తే పనితనం తెలుస్తుంది. సున్నపురాయి గట్టిది, కానీ ఉలికి తేలిగ్గా లొంగదు, ఎక్కడ పడితే అక్కడ పగులుతుంది. దాన్ని పగిలిన ఆకారంలోనే గోడ నిండా పేర్చారు. గ్రిట్‌స్టోన్‌ను పెద్ద దిమ్మెలుగా చెక్కవచ్చు, అంచు నిలుస్తుంది. అందుకే మూలరాళ్లకు, ద్వారబంధాలకు, కిటికీల మధ్య నిలువు రాతి కమ్మీలకు అదే వాడారు. ప్రాంగణంలో ఒక గోడకు దగ్గరగా నిలబడితే ఈ తేడా కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. నడుమ అతుకుల గోడ బూడిదరంగులో పాలిపోయి ఉంటే, దాని చుట్టూ చెక్కిన రాయి తేనెరంగులో నిగ్గుతేలి ఉంటుంది.

మూయించిన కిటికీల జాడలు, ఎత్తు పెంచినచోట మారిన రాళ్ల వరుసలు కూడా ఈ గోడల మీదే దొరుకుతాయి. పూత పూయకుండా వదిలేయడం వల్ల ఇంటి చరిత్ర మొత్తం బయటే ఉండిపోయింది.

పైకప్పు దేనితో వేశారు? వాన నీరు ఎటు పోతుంది?

చాలా భాగానికి సీసపు రేకులు వాడారు. డెర్బీషైర్‌లో రోమన్ల కాలం నుంచీ సీసపు గనులు ఉన్నాయి, కాబట్టి అది దూరం నుంచి తెప్పించుకునే వస్తువు కాదు. సీసపు కప్పుకు ఎక్కువ వాలు అవసరం లేదు. అందుకే చాలాచోట్ల కప్పు కోటకొమ్మల వెనుక దాగిపోయి, కింద నిలబడినవారికి కనిపించదు.

కప్పు మీది నీరు గొట్టాల్లోకి దిగేచోట ఉండే సీసపు తొట్లను ప్రాంగణంలోంచి తల పైకెత్తి చూడండి. వాటి మీద వంశచిహ్నాలు, జాలీపని ఉన్నాయి. నీరు పోయే తూముకు అంత శ్రద్ధగా నగిషీ పెట్టిన ఆ పనివాళ్లను తలచుకుంటే గౌరవం కలుగుతుంది.

మహాశాల ప్రత్యేకత ఏమిటి?

1370 ప్రాంతంలో కట్టిన ఈ శాల ఇంటికి గుండెకాయ. యజమాని, అతిథులు, నౌకర్లు అందరూ ఒకే కప్పు కింద భోంచేసిన కాలం నాటిది. ఒక చివర ఎత్తైన వేదిక, దాని మీద యజమాని బల్ల ఉంటాయి. రెండో చివర చెక్కిన ఓక్ చెక్క అడ్డుగోడ, దాని వెనుక నడవ, నడవ పైన వాద్యకారులు కూర్చునే మిద్దె ఉంటాయి. తలుపు తెరిచినప్పుడల్లా చలిగాలి నేరుగా శాలలోకి రాకుండా అడ్డుగోడ ఆపుతుంది. వంటవాళ్ల రాకపోకలు కూడా దాని వెనుకే జరుగుతాయి.

ఆ అడ్డుగోడకు ఒక ఇనుప సంకెల బిగించి ఉంది. విందులో తన వాటా తాగనివాడి మణికట్టును అందులో బిగించి, చొక్కా చేతిలోకి చల్లని బీరు పోసేవారని అక్కడివారు చెప్పే కథ.

ముఖమండపంలో మరో వస్తువును చాలామంది గమనించకుండా దాటిపోతారు. అది మార్స్ అనే యుద్ధదేవుడికి అంకితమిచ్చిన రోమన్ బలిపీఠం. మీద లాటిన్ అక్షరాలున్నాయి. ఇంటికంటే సుమారు వెయ్యేళ్లు పాతది.

భోజనశాల వేరే ఉందంటారు. రెండు ఎందుకు?

కాలం మారింది, అలవాటు మారింది. 1500 నాటికి యజమాని కుటుంబం అందరితో కలిసి శాలలో తినడం తగ్గించి, శాల దక్షిణపు చివర వెచ్చని చిన్న గదిలోకి జరిగింది. దీని కప్పు మీద రంగులతో ట్యూడర్ రాజవంశపు గులాబీలు, టాల్బట్ జాతి వేటకుక్కలు చిత్రించారు. ఆ కుక్క, సర్ హెన్రీ వెర్నన్ భార్య ఆన్ టాల్బట్ పుట్టింటి చిహ్నం. గోడల చెక్క పలకల తొడుగు సర్ జార్జ్ వెర్నన్ 1545లో పెట్టించాడు. పెద్ద శాల చలిగా, సందడిగా మిగిలిపోగా, చిన్న గది ఇంటివాళ్లకు సొంతమైంది. ఇంగ్లాండులో ఏకాంతం అనేది ఎలా మొదలైందో చూడాలంటే ఈ రెండు గదుల మధ్య గుమ్మం దాటితే చాలు.

వంటిల్లు అంత దూరంగా ఎందుకు పెట్టారు?

నిప్పు భయం వల్ల. పెద్ద పెద్ద పొయ్యిలు ఉన్న గదిని మహాశాల నుంచి ఒక వాలు దారితో దూరం చేశారు. లోపల మాంసం కొట్టి కొట్టి గిన్నెల్లా గుంటలు పడిన చెక్క దిమ్మెలు, నీటి రాతి తొట్టి, నల్లబడిన కర్రలు ఇప్పటికీ ఉన్నాయి. అలంకారం ఏమీ లేని ఈ గదిలో కాసేపు ఎక్కువ నిలబడమని సలహా ఇస్తాను. మిగతా గదుల్లో యజమానుల పేర్లు, చిహ్నాలు ఉంటాయి. పేరు లేకుండా పనిచేసినవారి చేతుల గుర్తులు దొరికేది ఇక్కడ.

ప్రార్థనాలయంలో ఏం చూడాలి?

ముందు గోడలు చూడాలి. ఇది సెయింట్ నికొలస్ పేరిట ఉన్న గుడి. ఇంటివారికే కాదు, ఒకప్పుడు పక్కనే ఉండి తరువాత కనుమరుగైన పల్లెకు కూడా ఇదే గుడి. లోపల 12వ శతాబ్దపు గుండ్రటి స్తంభం ఉంది. తూర్పు కిటికీ అద్దాల మీద 1427 సంవత్సరం రాసి ఉంది.

15వ శతాబ్దపు గోడ చిత్రాలే దీని అసలు సంపద. బాల యేసును భుజాన మోస్తూ నది దాటే సెయింట్ క్రిస్టఫర్, ఆయన కాళ్ల చుట్టూ నీటిలో చేపలు ఒక గోడ మీద ఉన్నాయి. మరోచోట తీగలు, ఆకులు గోడంతా అల్లుకుని ఉంటాయి. పడమటి గోడ మీద మూడు అస్థిపంజరాలు నిలబడి ఉంటాయి. బతికి ఉన్న ముగ్గురికి చనిపోయిన ముగ్గురు ఎదురై హెచ్చరించే మధ్యయుగపు కథలోవి అవి. 16వ శతాబ్దపు మతసంస్కరణ కాలంలో విగ్రహాలు, చిత్రాలు పనికిరావన్నప్పుడు వీటి మీద సున్నం కొట్టేశారు. ఆ సున్నమే వాటిని కాపాడింది. 20వ శతాబ్దంలో పొరలు తీసి మళ్లీ వెలికితెచ్చారు.

ఇక్కడే ఒక బాలుడి శిల్పం ఉంది. 1894లో తొమ్మిదేళ్ల వయసులో చనిపోయిన లార్డ్ హ్యాడన్ స్మారకం. చెక్కింది ఆ బాలుడి తల్లి వయొలెట్ మానర్స్.

లాంగ్ గ్యాలరీ కిటికీ అద్దాలు ఎందుకు వంకరగా ఉన్నాయి?

110 అడుగుల పొడవు, 17 అడుగుల వెడల్పు ఉన్న ఈ గదిని 16వ శతాబ్దం చివర జాన్ మానర్స్ కాలంలో రూపొందించారు. వాన రోజుల్లో ఇంటివారు లోపలే అటూ ఇటూ నడవడానికి, చిత్రాలు పెట్టుకోవడానికి, అతిథులను కలవడానికి, ఆటపాటలకు పనికొచ్చేది. దక్షిణాన తోట వైపు గది బయటికి పొడుచుకొచ్చినట్టున్న మూడు పెద్ద కిటికీలు ఉన్నాయి.

వాటిలో చిన్న చిన్న వజ్రాకారపు అద్దం ముక్కలను సీసపు పట్టీలతో కూర్చారు. అయితే అద్దం ఒకే సమతలంలో ఉండదు. ఒక పలక లోపలికి, మరొకటి బయటికి, ఇంకొకటి పక్కకు ఉబ్బి ఉంటుంది. గదిలోకి ఎక్కువ వెలుతురు రాబట్టడానికి కావాలని చేసిన పని అని చెబుతారు. దాని ఫలితం మాత్రం కళ్ల ముందే కనిపిస్తుంది. ఎండ ఎటునుంచి వచ్చినా ఏదో ఒక ముక్క దాన్ని పట్టి లోపలి ఓక్ చెక్క మీద పరుస్తుంది. బయట ప్రాంగణంలోంచో తోటలోంచో చూస్తే ఒక ముక్క ఆకాశాన్నీ, పక్కముక్క చెట్టునీ చూపిస్తుంది. ఇంగ్లాండులో ఇంతకంటే పెద్ద కిటికీలున్న ఇళ్లు చాలా ఉన్నాయి. వాటిలో ఏ గదిలోనూ వెలుతురు ఇలా కదలదు.

గోడల తొడుగు మీద అడవిపంది తల, నెమలి బొమ్మలు పదే పదే వస్తాయి. పంది వెర్నన్ల చిహ్నం, నెమలి మానర్స్‌ది. పొయ్యి పైన ఉన్న చిత్రాన్ని రెక్స్ విస్లర్ 1933లో వేశాడు.

డొరొతీ వెర్నన్ ఈ మెట్ల మీదుగానే పారిపోయిందా?

సర్ జార్జ్ వెర్నన్ కూతురు డొరొతీ 1563లో జాన్ మానర్స్‌ను పెళ్లాడింది. ఇది చరిత్ర. తండ్రికి ఇష్టం లేక, అక్క పెళ్లి సందడిలో ఆమె పక్క తలుపు తీసి, తోట మెట్లు దిగి, నది మీది చిన్న వంతెన దాటి ప్రియుడితో గుర్రమెక్కి వెళ్లిపోయిందన్నది కథ. దీనికి ప్రచారం వచ్చింది 19వ శతాబ్దంలో.

ఇక్కడ కట్టడమే సాక్ష్యం చెబుతుంది. తోటలోని అంతస్తులు, మెట్లు, ఆ వంతెన 17వ శతాబ్దానివి. లాంగ్ గ్యాలరీ వైపు భాగం సాక్షాత్తూ ఆమె భర్త పెళ్లి తరువాత కట్టించినది. 1563లో అవేవీ లేవు. కథ నచ్చినవారు నిరాశపడనవసరం లేదు. వాళ్లిద్దరూ కలిసి ఈ ఇంటిలోనే బతికారు, ఇక్కడి అత్యంత అందమైన గది జాన్ కాలంలోనే వచ్చింది. పారిపోవడం కంటే నాకు అదే పెద్ద కథగా తోస్తుంది.

ఇంత పాత ఇల్లు మారకుండా ఎలా మిగిలింది?

వదిలేయడం వల్ల. మానర్స్ కుటుంబానికి 1641లో రట్లండ్ ఎర్ల్ అనే ప్రభు పదవి సంక్రమించింది, 1703లో అంతకంటే పెద్దదైన డ్యూక్ పదవి వచ్చింది. వారి నివాసం లెస్టర్‌షైర్‌లోని బీవర్ కోటకు మారింది. ఆ తరువాత దాదాపు రెండు వందల ఏళ్లు హ్యాడన్‌లో కుటుంబం కాపురం లేదు. సరిగ్గా ఆ రెండు శతాబ్దాల్లోనే ఇంగ్లాండు సంపన్నులు పాత ఇళ్లను కూల్చి, సరళరేఖల కొత్త భవనాలు లేపారు. పక్కనే ఉన్న చాట్స్‌వర్త్‌ను చూడండి. అక్కడి ట్యూడర్ కాలపు ఇంటిని 1687 నుంచి ఒక్కో వైపు తీసేసి కొత్తది కట్టారు. హ్యాడన్ యజమానుల డబ్బు, అభిరుచి, ఆర్భాటం అన్నీ బీవర్‌కు పోయాయి. హ్యాడన్‌కు మాత్రం కప్పు కారకుండా చూసుకునేంత సంరక్షణ దక్కింది.

1860ల్లో రైలు మార్గం ఈ ఎస్టేటు మీదుగా వచ్చినప్పుడు కూడా ఇంటి ముందు నుంచి కనిపించకుండా కొండ పక్కన 1,058 గజాల సొరంగంలోకి దింపారు.

ఇప్పుడు చూస్తున్నదంతా పాతదేనా?

కాదు. మహాశాల పైకప్పు 1920ల నాటిది. తొమ్మిదవ డ్యూక్ జాన్ మానర్స్ తన జీవితంలో చాలా భాగం ఈ ఇంటి మరమ్మతుకే ఇచ్చాడు. ఆయన మధ్యయుగపు నేలపలకల మీద లోతైన పరిజ్ఞానం ఉన్నవాడు. వెలిసినదాన్ని మెరిపించడం, లేనిదాన్ని ఊహించి కట్టడం ఆయన పద్ధతి కాదు. కుళ్లిన కర్ర తీసి మంచి కర్ర పెట్టాడు, మిగతాది ఉన్నట్టే ఉంచాడు. పాత కట్టడాల పునరుద్ధరణ చేపట్టేవారు ఎక్కడివారైనా ఆయన సంయమనాన్ని గమనించాలి. గోడలు తోమి కొత్తగా కనిపించేలా చేయడం సులువు, చేయి ఎక్కడ ఆపాలో తెలియడం కష్టం.

వెళ్లి చూడవచ్చా?

చూడవచ్చు. ఇది ఇప్పటికీ మానర్స్ కుటుంబానిదే, ప్రజలకు టిక్కెట్టు మీద ప్రవేశం ఉంది. ఏడాది పొడవునా తెరిచి ఉండదు కాబట్టి బయలుదేరే ముందు వేళలు చూసుకోవాలి. బేక్‌వెల్, రౌస్లీ ఊళ్ల మధ్య ప్రధాన రహదారి పక్కనే ఉంది. నేల ఎగుడుదిగుడు, మెట్లు అరిగినవి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకువెళ్లేవారు ఇది గుర్తుంచుకోవాలి. వెలుతురు ఉన్న రోజు దొరికితే లాంగ్ గ్యాలరీని చివరికి పెట్టుకోండి.

ఇలాంటి ప్రాంగణపు ఇళ్లు ఇంకా ఏవి ఉన్నాయి?

డెర్బీషైర్‌లోనే వింగ్‌ఫీల్డ్ మేనర్ ఉంది. రాజ్య కోశాధికారి రాల్ఫ్ క్రామ్‌వెల్ 1440ల్లో రెండు ప్రాంగణాలతో కట్టించాడు. 17వ శతాబ్దపు అంతర్యుద్ధంలో పాడై, ఇప్పుడు శిథిలంగా నిలిచి ఉంది. కెంట్‌లోని ఇటమ్ మోట్ చుట్టూ నీటి కందకం ఉన్న 14వ శతాబ్దపు ఇల్లు. అందులో రాయి, కర్ర రెండూ కలిసి ఉంటాయి. కార్న్‌వాల్‌లోని కోటీల్ నల్లరాతి, పలకరాతి ఇల్లు. ఈ చివరి రెండూ పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ అధీనంలో ఉన్నాయి. వీలుంటే హ్యాడన్ చూసిన మర్నాడే వింగ్‌ఫీల్డ్‌ను బయటి నుంచైనా చూడండి. పైకప్పు పోయాక ప్రాంగణపు ఇల్లు ఎలా విడిపోతుందో అక్కడ తెలుస్తుంది. హ్యాడన్‌లో ఆ సీసపు రేకుల పని ఎంత ముఖ్యమో అప్పుడు అర్థమవుతుంది.